మాలకీ మరులుగడ్డ

మాలకీ గిల్‌హూలీ చెప్పిన అబద్ధాల మీద సర్కారు పన్ను వేసి ఉంటే, లీట్రిమ్ జిల్లాలో ఈపాటికి గుంట ఉన్న రోడ్డు ఒక్కటీ మిగిలేది కాదు. మనిషి పొడుగు. ముక్కు ఇంకా పొడుగు. ఆ ముక్కు పుట్టినప్పుడు మామూలుగానే ఉండేదనీ, చిన్నప్పుడు బడిలో లెక్కలు చెప్పే సన్యాసిని రోజుకోసారి పట్టి లాగడం వల్ల అలా సాగిందనీ తనే చెప్పుకునేవాడు. డ్రమ్‌కీలన్ సరస్సులో ఒక పైక్ చేప ఉందనీ, అది వెనకటికి పడవలో పోతున్న బిషప్‌గారి టోపీ మింగేసిందనీ, అప్పటినుంచీ శుక్రవారం మాంసం ముట్టకూడదనే చర్చి నియమం పట్టి ఆ ఒక్కరోజూ కప్పల జోలికి పోకుండా చేపలతోనే సరిపెట్టుకుంటోందనీ అతను చెబుతుంటే, డబ్లిన్ నుంచి వచ్చిన వాళ్ళు రెల్లు దుబ్బుల పక్కన వంగి నీళ్ళలోకి చూసేవాళ్ళు.

వయసులో ఉండగా అడవిశాఖలో పని చేశాడు. సరస్సుకు పడమటి వైపు చీకటిగా నిలబడ్డ స్ప్రూస్ చెట్లు చాలామట్టుకు అతనూ అతని తోటివాళ్ళూ వానలో నాటినవే. తర్వాత శాఖవాళ్ళు సరస్సు చుట్టూ నడకదారి వేయించినప్పుడు బురదనేల మీద పలకలు పరిచిన వాళ్ళలోనూ అతనున్నాడు. గేటు దగ్గర ఒక బోర్డు పెట్టారు. సులువైన నడక, పిల్లలకూ పెద్దలకూ అనువైనది అని. "సులువే, మధ్యలో నేను తగలకపోతే" అనేవాడు మాలకీ. ఉద్యోగం అయిపోయాక ఆదివారం పూజ ముగియగానే వచ్చి ఆ గేటుకు ఆనుకుని నిలబడేవాడు. అతన్ని ఎవరూ నియమించలేదు. వచ్చినవాళ్ళతో మాట కలిపి, వాళ్ళకంటే రెండడుగులు ముందు నడుస్తూ, రెల్లు పక్కనుంచి హేజెల్ తోపులోకీ, అక్కణ్ణుంచి జమీందారు కాలంనాటి కూలిన గోడ మీదుగా స్ప్రూస్ అడవిలోకీ, తిరిగి రాళ్ళ ఒడ్డుకీ తీసుకొచ్చేవాడు. నిజానికి గంట నడక. మాలకీతో అయితే పూట.

ఆ కూలిన గోడ దగ్గరే మరులుగడ్డ ఉందని చెప్పేవాడు.

మరులుగడ్డ అతను పుట్టించినది కాదు. అది మా వైపు అందరికీ తెలిసినదే. చూడ్డానికి మామూలు పచ్చికగడ్డలాగే ఉంటుంది. దాని మీద కాలు పడిందా, పుట్టి పెరిగిన పొలంలోనే దారి తప్పుతావు. గేటు కళ్ళముందే ఉంటుంది, కనిపించదు. తిరిగిన చోటే తిరుగుతావు. పేరెత్తకుండా మేం 'మంచివాళ్ళు' అని పిలుచుకునే వాళ్ళు ఆడే ఆట అది. విరుగుడు ఒకటే, తొడుక్కున్న కోటు విప్పి, తిరగేసి తొడుక్కోవాలి. లోపలి గుడ్డ బయటికి రాగానే దారి కనిపిస్తుంది. ఇంతవరకూ తాతలనాటి మాట. దానికి తోక తగిలించింది మాత్రం మాలకీ. "ఇంకో సంగతి వినండి" అని గొంతు తగ్గించేవాడు. "దారి కనిపించేదాకా ఎవరు పేరుపెట్టి పిలిచినా పలక్కూడదు. మీ అమ్మ గొంతు వినిపిస్తుంది, మీ ఆయన గొంతు వినిపిస్తుంది. అదంతా వాళ్ళే. పలికారో, అయిపోయారు." ఆ తర్వాత అందరిచేతా కోట్లు తిరగేయించేవాడు. పెద్దపెద్ద వాళ్ళు, బ్యాంకు మేనేజర్లూ డాక్టర్లూ, చిరిగిన జేబుగుడ్డలు బయటికి వేలాడేసుకుని ఫోటోలు దిగేవాళ్ళు.

"నమ్మకండమ్మా" అనేది వెనకనుంచి ఎత్నా. "ఈయన నోట్లోంచి వచ్చిన వాటిలో నేను నమ్మింది ఒక్కటే, ఆకలేస్తోందనే మాట."

ఎత్నా అతని భార్య. పెళ్ళికి ముందూ తర్వాతా ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ సైకిల్ మీద టపా పంచింది. ఏ సందు ఎక్కడ తేలుతుందో, ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంటి కుక్క కరిచినట్టు నటిస్తుందో ఆమెకు తెలుసు. మొదటిసారి ఇద్దరూ సరస్సు చుట్టూ నడిచిన సాయంత్రం, మాలకీ ఆ గోడ దగ్గర ఆగి గుండె మీద చెయ్యేసుకుని, "అయ్యో ఎత్నా, మరులుగడ్డ తొక్కేశాం, ఇక తెల్లారేదాకా ఇక్కడే" అన్నాడట. ఆమె ఏమీ మాట్లాడకుండా టపావాళ్ళ కోటు విప్పి, తిరగేసి తొడుక్కుని, "ఆహా, ఇప్పుడు భేషుగ్గా కనిపిస్తోంది దారి. తిన్నగా మా అమ్మ దగ్గరికి పోతోంది. నడు" అందట. అతను ఆమె వెనకే నడిచాడు. ఆ తర్వాత జీవితమంతా అదే వరస. మాటల్లో అతను ముందు, దారిలో ఆమె ముందు. పిల్లలు కలగలేదు. అందుకు ఇద్దరూ ఏడవవలసినంత ఏడ్చి, తర్వాత కోళ్ళు పెంచారు.

ఎత్నా మొదటిసారి దారి తప్పింది తన పెరట్లోనే. కోళ్ళకు మేత వేసి, ఖాళీ గిన్నె పట్టుకుని పెరడు మధ్యలో నిలబడిపోయింది. వంటింటి తలుపు తీసే ఉంది. లోపల కెటిల్ కూత పెడుతోంది. మాలకీ కిటికీలోంచి చాలాసేపు చూశాడు, ఏదో ఆలోచిస్తోందనుకున్నాడు. ఆ తర్వాత బయటికి వెళ్ళాడు.

"ఏమైందే?"

"ఇల్లెటు, మాలకీ?" అంది. నవ్వబోయింది. నవ్వు రాలేదు.

అది వేళాకోళం కాదని అతనికి అర్థమైంది. కానీ అతను మాలకీ. కాళ్ళకేసి చూసి, నాలుక కరుచుకుని, "ఇంకేముంది, మరులుగడ్డ! మన పెరట్లోకే తెచ్చి పెట్టారు దొంగవెధవలు. ఏదీ, ఆ స్వెట్టరు ఇటు తే" అని, దాన్ని తిరగేసి ఆమెకు తొడిగి, చెయ్యి పట్టుకుని వంటింట్లోకి నడిపించాడు. టీ పోసుకునేసరికి ఆమె మామూలుగా ఉంది. కుట్లు బయటికి కనిపిస్తున్న స్వెట్టరుతో రొట్టెకు వెన్న రాస్తూ, "చూశావా, పనిచేసింది" అని నవ్వింది.

పనిచేసింది అతను పట్టుకున్న చెయ్యి. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా ఆ రోజునుంచీ ఎప్పుడు ఆమె తడబడినా అదే మందు వేశాడు. దుకాణం నుంచి వస్తూ తడబడితే కోటు. చర్చిలో తమ బల్ల ఏదో తెలియకపోతే తలగుడ్డ. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని చుట్టాలంటే, "మరులుగడ్డకు డాక్టరెందుకు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వుతుండగా మాట మార్చేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఆమె అతని ముందు గుడ్డు పెట్టి, "మీకు ఉప్పు కావాలా?" అంది.

వాళ్ళింట్లో 'మీరు' అన్న మాట పాదిరిగారికీ డాక్టరుగారికీ తప్ప వాడింది లేదు. మాలకీ పెద్దగా నవ్వి, "వేళాకోళాలు నాకా! మీరట మీరు" అన్నాడు. ఆమె కూడా మర్యాదగా నవ్వింది. ఉప్పు తెచ్చి పెట్టింది. అతను ఆ గుడ్డు తినలేకపోయాడు.

ఎత్నా చెల్లెలు బ్రీజ్ పట్నంలో ఆసుపత్రి నర్సుగా చేసి మానేసింది. కబుర్లతో పక్కదారి పట్టించగలిగే మనిషి కాదు. చలికాలం మొదట్లో కారు వేసుకుని వచ్చి, అక్క వైపు గంటసేపు చూసి, బావను కోళ్ళగూటి వెనక్కి పిలిచింది.

"ఎన్నాళ్ళనుంచి, బావా?"

"ఏంటి ఎన్నాళ్ళనుంచి? కోళ్ళు గుడ్లు పెట్టకా? పోయిన పండగనుంచీ..."

"నా దగ్గర ఆ వేషాలొద్దు. నన్ను పేరడిగింది. ఒకసారి కాదు, రెండుసార్లు."

"నీ పేరు అంత గొప్పదేం కాదులే గుర్తుపెట్టుకోడానికి."

బ్రీజ్ నవ్వలేదు. మాలకీ గూటి తలుపు గొళ్ళెం తీశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు.

"పట్నంలో సన్యాసినుల ఆశ్రమం ఉంది. నాకు తెలిసినవాళ్ళే. బాగా చూస్తారు. చోటు దొరకడం కష్టం, నేను మాట్లాడతాను" అంది.

"దాన్ని ఇంట్లోంచి పంపాలంటే ముందు నన్ను సరస్సులో తోసెయ్."

"తోసేద్దును. ఆ పైక్ చేప నిన్ను కక్కేస్తుంది."

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. బ్రీజ్ కాస్త మెత్తబడింది. అప్పుడే ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. అతను చెయ్యి పట్టుకుంటే ఆమె సరస్సు చుట్టూ తిరిగి తన గుమ్మానికి రాగలిగినన్నాళ్ళూ ఇంట్లోనే ఉంటుంది. అతని కన్నుగప్పి ఒంటరిగా తప్పిపోయిన రోజు మటుకు ఆశ్రమానికి వెళ్తుంది. ఆ రోజు అతను అడ్డం పడకూడదు.

"ఒట్టు పెట్టు. మామూలు ఒట్టు కాదు, నీ ఒట్లు నాకు తెలుసు. మీ అమ్మ మీద పెట్టు."

పెట్టాడు. బ్రీజ్ మళ్ళీ వచ్చినప్పుడు అక్కకు ఒక కోటు తెచ్చింది. మండిపోయే ఎరుపు. "అవతలి ఒడ్డునుంచి కూడా కనిపించాలి" అంది. ఎత్నా అద్దంలో చూసుకుని, "అగ్నిమాపక బండిలా ఉన్నాను" అంది. కోటు లోపలి గుడ్డ ఏ రంగో అప్పుడెవరూ పట్టించుకోలేదు.

ఆ చలికాలమూ, తర్వాత వసంతమూ, వేసవీ మాలకీ బతుకులో అన్నిటికన్నా మంచి రోజులంటే ఎవరైనా నవ్వుతారు. కానీ అంతే. రోజూ ఆమెకు ఎర్రకోటు తొడిగి, చెయ్యి తన చంకలో ఇరికించుకుని సరస్సు చుట్టూ తిప్పేవాడు. హేజెల్ తోపులో నీలిగంటల పూలు పూసినప్పుడు ఆమె ప్రతిరోజూ కొత్తగా చూసి ఆశ్చర్యపోయేది. "అబ్బ, మాలకీ, ఇవి ఎప్పుడొచ్చాయి?" "ఇప్పుడే, నువ్వు వస్తున్నావని" అనేవాడు. ఒకే అబద్ధం రోజూ చెప్పొచ్చు, ఆమె రోజూ మొదటిసారే వింటుంది. అతనిలాంటి వాడికి అంతకంటే ఏం కావాలి! కొన్ని రోజులు అతన్ని గుర్తుపట్టేది. కొన్ని రోజులు పట్టేది కాదు. పట్టని రోజు కూడా చెయ్యి మాత్రం ఇచ్చేది. పలకల దారి మీద కాళ్ళు వాటంతటవే పడేవి. గుమ్మం రాగానే బూట్లు విప్పేది. గుమ్మం ముందు ఆమె వంగి బూటు ముడి విప్పుతున్నంతసేపూ మాలకీ ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత వదిలేవాడు. ఈ రోజుకు గెలిచాం.

ఆదివారాలు మాత్రం అతను గేటు మానలేకపోయాడు. ఆమెను వెంటబెట్టుకునే వెళ్ళేవాడు.

చలికాలం వస్తోందని ఏటా దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పే ఆదివారం నాడు బెల్‌ఫాస్ట్ నుంచి ఒక చర్చి పాటల బృందం బస్సులో దిగింది. అందరూ ఆడవాళ్ళే, అందరూ నవ్వే రకమే. అంతమంది శ్రోతల్ని చూసేసరికి మాలకీకి పాతికేళ్ళు తగ్గిపోయాయి. పైక్ చేప కథ ఆ రోజు చెప్పినంత గొప్పగా ఎన్నడూ చెప్పలేదు. బిషప్‌గారి టోపీతోపాటు చేతికర్ర కూడా మింగేసింది. ఎత్నాను ఒకావిడ ఆప్యాయంగా చెయ్యిపట్టుకుని నడిపిస్తోంది. నీలం కోటు, తెల్లజుట్టు, మిసెస్ అబర్నెథీ అని పేరు. "మీ ఆయన భలే మనిషమ్మా" అంది ఆవిడ. "ఆయనెవరో నాకు తెలీదండీ" అంది ఎత్నా. ఆవిడ అదీ సరసమేననుకుని పకపక నవ్వింది.

కూలిన గోడ దగ్గరికి వచ్చారు. ఆకులు రాలిపోయిన కాలం. ఫెర్న్ మొక్కలన్నీ ఎండి, అడవి నేలంతా తుప్పురంగు పట్టి ఉంది. మాలకీ రాయి ఎక్కి మరులుగడ్డ కథ మొదలుపెట్టాడు. గొంతు తగ్గించాల్సిన చోట తగ్గించాడు. "పలికారో, అయిపోయారు" అనగానే ఒకామె కెవ్వుమంది. ఇక కోట్లు తిప్పండి అన్నాడు. అంతా గోల, నవ్వులు, చేతులు అటూ ఇటూ. కోటు విప్పాలంటే రెండు చేతులూ కావాలి కదా. మిసెస్ అబర్నెథీ ఎత్నా చెయ్యి వదిలేసింది.

పాట పాడమన్నాడు మాలకీ. కోట్లు తిరగేసుకునే పాడారు, చాలా బాగా పాడారు. పాట అయ్యాక అందరి తలల మీదుగా ఎరుపు కోసం చూశాడు. లేదు.

"ఎత్నా!"

ఆడవాళ్ళు కూడా నవ్వుతూ "ఎత్నా!" అన్నారు, ఇది కూడా కథలో భాగమేననుకుని. మాలకీ ముఖం చూశాక వాళ్ళ నవ్వు ఆగిపోయింది.

కబురు పది ఇళ్ళకు పాకేసరికి సగం ఊరు వచ్చింది. పూజకు వేసుకున్న బట్టల మీదే రబ్బరు బూట్లు తొడుక్కుని వచ్చారు. పక్క పొలం కోల్మ్ తన గొర్రెల కుక్కను తెచ్చాడు. పట్నంనుంచి బ్రీజ్, ఆమె వెనకే పోలీసు కుర్రాడు వచ్చారు.

"ఆమె ఒంటి మీద ఏముంది, మాలకీ గారూ?"

"ఎర్రకోటు" అన్నారు మాలకీ, బ్రీజ్ ఒకేసారి.

ఎర్రకోటు, ఎర్రకోటు అంటూ ఒకరినుంచి ఒకరికి చెప్పుకుంటూ వరసగా విడిపోయి అడవిలోకి వెళ్ళారు. కొందరు ఒడ్డువెంట రెల్లులో కర్రలతో వెతుకుతున్నారు. ఆ వైపు చూడటం మాలకీ వల్ల కాలేదు. అతను గోడ చుట్టూ, హేజెల్ తోపు చుట్టూ తిరుగుతూ పిలుస్తూనే ఉన్నాడు. అంతమందికి కథలు చెప్పిన గొంతు బొంగురుపోయింది. మంచు నేలబారుగా దిగుతోంది. గడియారాలు తిప్పిన రోజు కదా, ఇంకా టీ వేళ కాకుండానే వెలుగు పలచబడిపోయింది.

కోల్మ్ తిరిగొచ్చాడు. "గోడకు అవతలా ఇవతలా రెండుసార్లు గాలించాను మామా. కుక్క అక్కడ పొదలో ఒకటే మొరిగింది, నక్కను చూసి కాబోలు. ఎర్రనిది పూచికపుల్ల కూడా లేదు."

బ్రీజ్ గోడ మీద కూర్చుని ఉంది. బావను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఉంది అతనికి.

అప్పుడు పాటలావిడ ఒకరు ఫ్లాస్కులోంచి టీ పోసి తెచ్చారు. బస్సు వెళ్ళిపోతే పోనీ, మేం ఉంటామని నలుగురు ఆగారు. మాలకీ కప్పు అందుకుంటూ ఆవిణ్ణి గుర్తుపట్టలేదు. బూడిదరంగు కోటు, భుజాల మీద కుట్లు తెలుస్తున్నాయి.

"అంతా నా వల్లే" అంది ఆవిడ ఏడుస్తూ. "నేను చెయ్యి వదలకుండా ఉంటే..."

"మీరు... మీది నీలం కోటు కదా?"

"నీలమే. కంగారులో మళ్ళీ తిప్పుకోనేలేదు."

టీ కప్పు కింద పడింది. మాలకీ బ్రీజ్ వైపు తిరిగాడు.

"బ్రీజ్, ఆ కోటు లోపల... ఏ రంగు?"

బ్రీజ్ ఒక క్షణం అతనికేసి చూసింది. లేచి నిలబడింది. "గోధుమరంగు" అంది. "ఎండాకు రంగు."

"ఎరుపు కాదురా!" అని అరిచాడు మాలకీ అడవిలోకి. "ఎర్రది వెతక్కండి! కోల్మ్, కుక్క మొరిగిందే, ఎక్కడరా అది?"

ఎంతో దూరం లేదు. అతను కథ చెప్పిన రాయి మీద నిలబడి గట్టిగా రాయి విసిరితే పడేంత దూరం. గట్టు కింద ఎండిన ఫెర్న్ మధ్య కూర్చుని ఉంది ఎత్నా, కాళ్ళు ముడుచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిలో బెంచీ మీద కూర్చున్నట్టు. కోటు నీటుగా తిరగేసి, బొత్తాలు లోపలినుంచే పెట్టుకుంది. ఒక బూటు లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఎంతమంది ఆమె పక్కనుంచి పోయారో.

మాలకీ ఆమె ముందు కూలబడ్డాడు. ఆమె అతని ముఖం చూసి, చెంప తడిమి, నెమ్మదిగా గుర్తుపట్టింది.

"వచ్చావా, మాలకీ" అంది. వణుకుతున్న గొంతులో చిన్న గర్వం. "నువ్వు చెప్పినట్టే కోటు తిప్పేశాను. అయినా దారి రాలేదు."

"నేను పిలుస్తూనే ఉన్నాను కదే. వినపడలేదా?"

"ఎందుకు వినపడలేదు? ఎన్నిసార్లు పిలిచారో. అచ్చం నీ గొంతే." ఆమె అతని చెవి దగ్గరికి వంగింది. "నేను ఒక్కసారి కూడా పలకలేదు."

కోల్మ్ మొహం తిప్పుకున్నాడు. మాలకీ తన కోటు విప్పి ఆమె కాళ్ళకు చుట్టాడు. అతని నోటికి మాట రాకపోవడం ఊళ్ళోవాళ్ళు అదే మొదటిసారి చూడటం.

ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆసుపత్రిలో చాలారోజులు మంచం మీద ఉంది. బతికింది. కానీ అడవిలో ఫెర్న్ మధ్య అతన్ని పేరుపెట్టి పిలిచిన ఎత్నా మళ్ళీ రాలేదు. అది ఆఖరుసారని అతనికప్పుడు తెలిసి ఉంటే ఏం చేసేవాడో, తెలియకపోవడమే మేలేమో.

బ్రీజ్ ఒట్టు గుర్తు చేయలేదు. ఆసుపత్రి వరండాలో ఇద్దరూ పక్కపక్కన కుర్చీల్లో కూర్చున్నప్పుడు మాలకీయే అన్నాడు.

"ఆ సన్యాసినులతో మాట్లాడు."

"తొందరేం లేదు బావా. ఇంకో నెల చూద్దాం. నేను వచ్చి మీ ఇంట్లో ఉంటాను కావాలంటే."

"వద్దు. నా దగ్గరుంటే మళ్ళీ నా మాట వింటుంది అది."

బ్రీజ్ అతని చేతి మీద చెయ్యి వేసింది. పెళ్ళినాటినుంచీ ఆటపట్టించుకోవడమే తప్ప ఆ ఇద్దరి మధ్యా అలాంటిది జరగలేదు.

ఆశ్రమానికి తీసుకెళ్ళిన రోజు వాన లేదు. బట్టలు మాలకీయే సర్దాడు. మేజోళ్ళు ఎలా మడవాలో తెలియక ఉండలు చుట్టి పెట్టాడు. ఎర్రకోటు పెట్టాలా వద్దా అని చాలాసేపు నిలబడి, దాన్ని బ్రీజ్ కారు వెనకసీటులో పడేశాడు, ఆమె ఇష్టం అన్నట్టు. ఇచ్చిన గది చిన్నది, శుభ్రంగా ఉంది. కిటికీలోంచి కార్లు నిలిపే చోటూ, దాని అవతల ఒక గోడా కనిపిస్తాయి. నీళ్ళు కనిపించవు. సన్యాసిని టీ తెచ్చింది. ఎత్నా ఒకసారి వద్దంది, రెండోసారి వద్దంది, మూడోసారి తీసుకుంది, పెంపకం అలాంటిది. పక్కన కుర్చీలో కూర్చున్న పొడుగుపాటి ముసలాయనకు బిస్కట్ అందించింది.

"మీరు చాలా దూరంనుంచి వచ్చారా?" అని అడిగింది.

"డ్రమ్‌కీలన్ నుంచండీ" అన్నాడు మాలకీ. ఆమెను 'అండీ' అనడానికి అతనికి నోరు తిరగలేదు, అయినా అన్నాడు.

"అక్కడ సరస్సుందట కదా. బాగుంటుందని విన్నాను."

"బాగుంటుంది."

"నేనూ ఒకసారి రావాలి. సులువేనా నడవడం?"

అతను తల ఊపాడు. పైక్ చేప నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఆమె టీ తాగడం అయ్యేదాకా కూర్చున్నాడు. కప్పు కింద పెట్టి ఆమె కిటికీలోంచి ఆకాశం చూసింది, టపా పంచినన్నాళ్ళూ ప్రతి మధ్యాహ్నం చూసినట్టే.

"పొద్దుపోతోంది. మీరిక బయల్దేరండి" అంది. "ఇంటిదగ్గర మీ ఆవిడ ఎదురుచూస్తుంటుంది."

"చూస్తుంటుంది" అన్నాడు మాలకీ.

"కంగారు పడుతుంది పాపం. తిన్నగా వెళ్ళండి."

"అలాగేనండీ."

టోపీ తీసుకుని లేచాడు. ఆమె గుమ్మందాకా సాగనంపింది, ఇంటికొచ్చిన వాళ్ళను ఎప్పుడూ సాగనంపినట్టే. చెయ్యి చాపింది. అతను ఆ చెయ్యి పట్టుకుని, ఎంతసేపు పట్టుకుంటే మర్యాదో అంతసేపే పట్టుకుని, వదిలేశాడు.

కింద బ్రీజ్ కారులో కూర్చుని ఉంది. ముక్కు ఎర్రగా ఉంది. అతను ఎక్కి తలుపు వేసుకున్నాడు. సరిగా పడలేదు, మళ్ళీ తీసి వేశాడు.

"ఏమంది?" అని అడిగింది బ్రీజ్.

"ఇంటికెళ్ళమంది."

బ్రీజ్ తాళం తిప్పింది. కారు రోడ్డు మలుపు దగ్గరికి వచ్చింది. ఎడమకు తిరిగి డ్రమ్‌కీలన్ పోవాలా, కుడికి తిరిగి తన ఇంటికి తీసుకెళ్ళాలా అని ఆమె బావ వైపు చూసింది. మాలకీ కారు ముందు అద్దంలోంచి తిన్నగా ముందుకే చూస్తున్నాడు. చివరికి ఆమె తనకు తోచిన వైపు తిప్పింది.